పదహారు జీబీల ఊరు

అది 2019. కొల్లాపూర్‌లో బస్టాండుకు పోయే దారిలో మా దుకాణం. ముందు గదిలో మా ఆయన జిరాక్స్ మెషిన్ నడిపేవాడు, వెనక గదిలో నేను కంప్యూటర్లు బాగుచేసేదాన్ని. వచ్చినవాళ్లు మా ఆయన్ని చూసి "సార్, సిస్టం ఆన్ అయితలేదు" అని మొదలుపెట్టేవాళ్లు. ఆయన బొటనవేలితో వెనక గది చూపించేవాడు. సగం మంది మొహాలు అక్కడే వాడిపోయేవి. ఆడమనిషి చేతిలో మదర్‌బోర్డు పెట్టడం ఇష్టంలేక ఇంకో ఊరికి పోయి, అక్కడ ఉన్నది కాస్తా పాడుచేయించుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చినవాళ్లు ఎంతమందో.

గేమింగ్ కోసం వచ్చే కుర్రాళ్లంటే ఆ రోజుల్లో నాకు చిన్నచూపు ఉండేది. పని చేసిపెట్టేదాన్ని, కానీ మొహం మాడ్చుకుని చేసేదాన్ని. కురుమూర్తి వచ్చినప్పుడు కూడా మొహం మాడ్చుకునే ఉన్నాను.

ఎండాకాలం. సీపీయూని గొంగడిలో చుట్టి, బైకు వెనక సీటుకు తాడుతో కట్టి తెచ్చాడు. గొంగడి విప్పగానే గదంతా గొర్రెల వాసన. ఇరవై దాటిన కుర్రాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి తండ్రి బీరయ్యతో పాటు మంద వెంట తిరుగుతున్నానని చెప్పాడు.

"అక్కా, ర్యామ్ పెంచాలె. గ్రాఫిక్స్ కార్డు గూడ ఎయ్యాలె."

"దేనికి?"

"గేమ్ ఆడనీకి."

"నువ్వు గేమ్ ఆడుకుంట కూసుంటె గొర్లెవరు కాస్తరు?"

"గొర్లు నాయిన కాస్తుండు. నువ్వు జర ఆన్ చేసి సూడక్కా, గప్పుడు తిట్టు."

ఆన్ చేశాను. ఏదో ఆఫీసు వాళ్లు వాడి వదిలేసిన పాత డెస్క్‌టాప్. ర్యామ్ నాలుగు జీబీలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అది లారీలు, బస్సులు నడిపే గేమ్. ఇలాంటి గేముల్లో మాడ్ అనేది ఒకటుంటుంది. కంపెనీ ఇచ్చిన గేమ్‌లో మనం సొంతంగా తయారుచేసి చేర్చుకునే మార్పు. ఒకడు ఎర్ర బస్సు చేరుస్తాడు, ఇంకొకడు తెలుగు బోర్డులు పెడతాడు. కురుమూర్తి వాళ్ల ఊరు చేర్చుకున్నాడు.

ఆ ఊరి పేరు రాయను. రాసినా ఇప్పుడు అక్కడికి బస్సు పోదు. కొత్తగా కడుతున్న రిజర్వాయర్ కింద అప్పటికే ముంపు లెక్కలో ఉంది. అధికారులు వచ్చి ఇళ్లు కొలిచి, గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి పోయారు. అవతల రోడ్డు పక్కన అందరికీ ఒకే కొలతలో ప్లాట్లు ఇచ్చే కాలనీ లేస్తోంది. కురుమూర్తి ఫోను పట్టుకుని ఊళ్లో ప్రతి ఇంటి గోడనూ ఫొటో తీశాడు. అడుగులు పెట్టి సందులు కొలిచాడు. నెట్‌లో చూసి నేర్చుకుని ఇళ్లన్నీ ఒక్కొక్కటే కట్టి, ఆ ఫొటోలు గోడలకు అతికించాడు. ఇలా అతికించే ఫొటోను టెక్స్‌చర్ అంటారు.

"మరి గేమ్ ఏడ ఆగుతుంది?" అని అడిగాను. నా గొంతు మారినట్టు నాకే తెలిసింది.

"ఊరి నడుమకు రాంగనే అక్కా. అన్ని ఇండ్లు ఒక్కపారి కనపడాలె గద. గేమే బందయి బయటకొస్తాంది."

ఎందుకు ఆగుతుందో కొత్తవాళ్ల కోసం చెబుతాను. ర్యామ్ అంటే కంప్యూటర్ తను అప్పటికప్పుడు వాడుతున్న సామానంతా పరుచుకునే చాప. చాప చిన్నదైతే ఒకటి తీసి ఇంకొకటి పెట్టాలి. అదీ చాలకపోతే పని వదిలేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీయడానికే పుట్టిన యంత్రం. దానికి వీర్యామ్ అని సొంత మెమరీ ఉంటుంది, గోడల ఫొటోలు ఉండేది అందులోనే. ర్యామ్ చాలక, కార్డు లేక కురుమూర్తి తన ఫొటోలను బాగా కుదించి పెట్టుకున్నాడు. దాంతో ఊరంతా వానలో అద్దంలోంచి చూసినట్టు అలుక్కుపోయి ఉంది. ఇల్లు ఇల్లని తెలుస్తుంది, గోడ మీద ఏముందో తెలియదు.

"గిట్లున్నా మా అవ్వ సూసి ఏడ్చిందక్కా. మా ఇంటి పక్క మామోళ్లు గూడ ఒచ్చి సూసిపోతున్నరు. మంచిగ కనపడితె ఇంక ఎట్లుంటదో," అన్నాడు.

ఆ ఉత్సాహం చూసి నేను ఆ పని ఇష్టంగా ఒప్పుకున్నాను. పదహారు జీబీల ర్యామ్, నాలుగు జీబీల వీర్యామ్ ఉన్న కార్డు హైదరాబాద్ నుంచి తెప్పించాను. కార్డు వచ్చాక చూస్తే ఆ సన్నటి ఆఫీసు డబ్బాలో పట్టలేదు. బోర్డు ఊడదీసి మామూలు క్యాబినెట్‌లోకి మార్చాను. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ కూడా పాతది కార్డు బరువు మోయలేక మాటిమాటికీ ఆరిపోతుంటే, అదీ మార్చాను. కురుమూర్తి పక్కన కూర్చుని కుదించిన ఫొటోలన్నీ తీసేసి అసలు సైజువి పెట్టాడు.

తీసుకుపోయే రోజు తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. బీరయ్య బక్కపలచటి మనిషి, కుర్చీలో కూర్చోమంటే చతికిలబడి నేల మీదే కూర్చున్నాడు. కురుమూర్తి ఎర్ర బస్సును ఊళ్లోకి తోలాడు. ఎక్కడా ఆగలేదు. గోడకు వేసిన సున్నం పెచ్చులు, దర్వాజాకు పూసిన పసుపు, అన్నీ కనిపిస్తున్నాయి. ఊరి చివర తడకలతో కట్టిన గొర్రెల దొడ్డి దగ్గర ఆపాడు. బీరయ్య మోకాళ్ల మీద ముందుకు జరిగాడు.

"మనదేరా గిది! తడక ఇరిగింది గూడ గట్లనే ఉన్నది." కాసేపు చూసి మొహం చిట్లించాడు. "మరి గివి యాడి గొర్లురా? గాలి ఊదినట్టున్నయ్."

ఎవరో విదేశీయులు చేసి పెట్టిన తెల్లటి లావు గొర్రెలు మరి. మా నల్లగొర్రెలు వాళ్లకేం తెలుసు. కురుమూర్తి అక్కడికక్కడే వాటికి నల్లరంగు వేసి, ఉన్ని తగ్గించి, బక్కగా చేశాడు. బీరయ్య గర్వంగా నావైపు చూసి, "ఇప్పుడు అయినయ్ మనయి," అన్నాడు. ఇన్నేళ్ల పనిలో నేను అంత సంతోషంగా ఒక మెషిన్ అప్పజెప్పింది లేదు.

తర్వాతి ఆదివారం ఊళ్లో అందరికీ చూపిస్తున్నాననీ, నన్నూ రమ్మనీ ఫోన్ చేశాడు. "నడుమల ఆగితె ఇజ్జత్ పోతదక్కా," అన్నాడు. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని పోయాను. బడిలో ఒక గది. కిటికీలకు గొంగళ్లు కట్టి చీకటి చేశారు. ఎవరిదో పెద్ద టీవీ తెచ్చి కంప్యూటర్‌కు కలిపారు. గది నిండిపోయి జనం వరండాలో కూడా నిలబడ్డారు.

బస్సు ఊళ్లోకి వచ్చేసరికి పిల్లలు కేకలు. ఒకామె "అగో మా గడప, మా గడప" అని పక్కామె భుజం చరిచింది. చనిపోయిన భర్త అరుగు మీద కూర్చునే జాగా చూపించమని ఇంకొకామె అడిగితే, కురుమూర్తి అక్కడ చాలాసేపు ఆపాడు. కొంగుతో కళ్లొత్తుకోని ఆడది ఆ గదిలో లేదు. నేనూ ఒత్తుకున్నాను.

బస్సు పెంటయ్య ఇంటి ముందు ఆగింది. పెంటయ్య ఆ ఊళ్లో ఉన్నంతలో కాస్త భూమి ఉన్న రైతు. ఇంటి గోడ మీద కొలతలవాళ్లు వేసిన ఎర్ర అంకె టీవీలో తేటగా కనిపించింది. పాత మెషిన్‌లో అది ఎర్రటి మరక, అంతే.

వెనక నుంచి ఎవరో, "అంకె గూడ ఒచ్చిందిరో," అన్నారు.

ఇంకొకాయన, "అయితె గిది కొలిచినదేనా?" అన్నాడు.

ఆ మాటతో గదిలో చప్పుడు ఆగిపోయింది. ఎందుకో అర్థం కావాలంటే ఆ రోజులు గుర్తు చేసుకోవాలి. భూముల రికార్డులన్నీ అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చెలక పేరు మీద ఉందో లేదో చెప్పేది ఇప్పుడు కంప్యూటర్. తెర మీద ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఊరంతా ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్న పాఠం అది. అలాంటి వాళ్ల ముందు, నష్టపరిహారం ఇంకా తేలకముందు, కంప్యూటర్లో వాళ్ల ఊరు కనిపించింది, గోడల మీద అంకెలతో సహా. అది ఆట అని వాళ్లెట్లా నమ్ముతారు?

"మా కొట్టం గింతనే ఉన్నదా? ఇంక పొడుగుంటది," అని ఒకాయన లేచాడు.

"మా తమ్ముని గోడ మా దిక్కు జరిపినవేందిరా?" అని ఇంకొకాయన.

కురుమూర్తి నవ్వుతూనే ఉన్నాడు పాపం. "గేమ్ కాకా గిది, సర్కారుది కాదు," అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. ఇంతలో తెర మీద బీరయ్య దొడ్డి వచ్చింది.

ఆ దొడ్డి ఉన్న జాగా పెంటయ్యది. ఇది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. బీరయ్య తండ్రి కాలం నుంచి మంద అక్కడే పడుకుంటుంది, పెంట ఎరువు పెంటయ్య పొలానికి పోతుంది. కాగితం లేదు, కిరాయి లేదు. ఇద్దరి కులాలు వేరైనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. ఆ రోజు పెంటయ్య నోట ఆ పిలుపు రాలేదు.

"ఏంరా బీరిగా, నా జాగల నీ దొడ్డి ఎట్ల చూపిస్తవ్?"

బీరయ్య బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. "నీ జాగనే బావా. ఎవలు కాదన్నరు?"

"మరి గా టీవీల నీ దొడ్డి ఎందుకున్నది?"

"ఉన్నది గనక ఉన్నది. నువ్వు రోజు సూస్తలేవా?"

"రేపు ఆఫీసు సార్లు సూసి సగం జాగ నీదని రాస్తె? గందుకే కొడుకుతోని కంప్యూటర్ల ఎక్కించినవ్. నాకు తెల్వదనుకున్నవా?"

కురుమూర్తి మధ్యలోకి వచ్చి, "మామా, గట్ల కాదు, జర ఇను," అంటే పెంటయ్య వాణ్ని ఒక్క తోపు తోశాడు. అంతే, గది రెండుగా చీలింది. పొలాల హద్దుల మీద గెట్టు పంచాయితీలు ఎన్ని చూశానో కానీ, నీళ్లలోకి పోయే నేల మీద, అదీ టీవీలో, గెట్టు కోసం కొట్టుకోబోయిన మనుషుల్ని అప్పుడే చూశాను. అరగంట కింద ఏడ్చినవాళ్లే వాళ్లంతా. నేను ప్లగ్ పీకేశాను.

ఆ వారం నుంచి నా దుకాణానికి కొత్త గిరాకీ మొదలైంది. ఊరిని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే అని ఎవరు చెప్పారో మరి. ఒకాయన మిఠాయి డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "అమ్మా, మా ఇంటికి ఇంకొక్క అర్ర పెట్టియ్యి, పెద్దది ఒద్దు," అన్నాడు. ఇంకొకాయన అన్నదమ్ముల మధ్య గోడ జరపమన్నాడు. మొదటాయనకు డబ్బా తిరిగిచ్చి పంపాను. రెండో ఆయన్ని మా ఆయన ఆపకపోతే స్క్రూడ్రైవర్ విసిరేదాన్ని.

తర్వాత బీరయ్య ఒక్కడే వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు, అదీ అంచు మీద.

"అమ్మా, మావోనికి చెప్పు. మా దొడ్డి తీసెయ్యమను."

"మీ దొడ్డి మీరెందుకు తీసుకుంటరు? అది ఉన్నదే గద!"

"ఉన్నది. ఉంటె ఏమైంది? రేపు కాలనీల పెంటయ్య ఇల్లు, నా ఇల్లు ఒక్క లైన్లనే ఒచ్చినయ్. పొద్దుగాల లేస్తె మొకం సూసుకోవాలె. నేను చెప్తె వాడు ఇంటలేడు. నువ్వంటె వానికి గౌరవం."

నేను చెప్పను అన్నాను. కోపంగానే అన్నాను. ఆయన లేచి చేతులు జోడించాడు. ఆ వయసు మనిషి అట్లా నిలబడితే ఏం చేస్తాం? కురుమూర్తికి ఫోన్ కలిపి ఆయనకే ఇచ్చాను. "తీసెయ్ బిడ్డా," అన్నాడు ఫోన్లో. అవతల వాడేమన్నాడో వినపడలేదు. "తీసెయ్ బిడ్డా, మన దొడ్డి మనమే తీసేసుకుందాం," అన్నాడు మళ్లీ.

కురుమూర్తి తీసేశాడు. దాంతో గొడవ తీరిందని బీరయ్య అనుకున్నాడు. తీరలేదు, అసలు గొడవ అప్పుడే మొదలైంది. దొడ్డి పోయిందని తెలియగానే, అడిగితే ఆ ఊరు మారుతుందని అందరికీ రుజువైంది. తండ్రి మాట మీద మార్చినవాడివి మా మాట మీద ఎందుకు మార్చవని ఇంటి మీదికి పోయారు. గదులు అడిగినవాళ్లు, గోడలు అడిగినవాళ్లు, పక్కవాడి బావి తీసెయ్యమన్నవాళ్లు. మార్చితే ఒకడు తిట్టాడు, మార్చకపోతే ఇంకొకడు తిట్టాడు. అధికారులెవరూ ఆ గేమ్‌ను చూడలేదు, చూడరు కూడా. ఆ సంగతి వాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కురుమూర్తి క్యాబినెట్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. బాగా చిక్కిపోయాడు.

"కార్డు, ర్యామ్ తీసుకో అక్కా. ఎవరికన్న పనికొస్తయ్. నాకు పాతదే ఎయ్యి."

వాడిన కార్డు తీసుకునే ముందు దాని మీద బరువు వేసి చూడటం మా పద్ధతి. బరువైన గేమ్ నడిపితే కార్డు మంచిదో కాదో తేలిపోతుంది. ఆ మెషిన్‌లో ఉన్న బరువైన గేమ్ ఒక్కటే. తెరిచాను. ఎర్ర బస్సు ఎప్పటిలాగే రోడ్డెక్కింది. ఊరి మలుపు తిరిగింది. ముందు రోడ్డు లేదు. కనుచూపు మేర నీళ్లు. చాలా అందంగా గీసింది కార్డు, ఎండ పడి మెరుస్తున్న నీళ్లు.

"గిదేందిరా?" అన్నాను.

"నీళ్లు నింపుడు అల్కనే అక్కా. ఎత్తు కాడ ఒక్క అంకె మారిస్తె సాలు. ఇండ్లు కట్టుడే కష్టం."

"లోపల ఇండ్లు ఉన్నయా?"

"లేవు. అన్ని తీసేసినంకనే నింపిన. అడుగున కనపడినా కొట్లాడుతరు."

చెరిపేసిన ఫైలు వెంటనే మాయం కాదు. దాని మీద కొత్తది రాసేదాకా డిస్క్‌లో ఎక్కడో ఉంటుంది. దాన్ని తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ పనిని రికవరీ అంటారు. అప్పటికి నేను అది ఎందరికో చేసిపెట్టాను. "డిస్క్ ఇడిచిపెట్టి పో. ఎన్ని రోజులైనా కూసుని నీ ఊరు నీకు తెచ్చిస్త. ఎవరికీ చూపించకు, నువ్వొక్కనివే చూసుకో," అన్నాను. అడుక్కున్నట్టే అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "ఒద్దక్కా. తెస్తె మళ్ల కొలుస్తరు."

కార్డు ఊడదీశాను. పాత ర్యామ్ వేసి ఇచ్చాను. ఆ గేమ్ ఉన్న డిస్క్‌ను వాడు నా ఎదురుగానే మొత్తం ఫార్మాట్ చేయించి, దాని నిండా సినిమాలు ఎక్కించుకుని పోయాడు. ఇప్పుడు వాడు షాద్‌నగర్ దగ్గర ఏదో గోదాములో పని చేస్తున్నాడు. ఎప్పుడైనా ఫోన్ చేస్తాడు. ఊరి మాట ఎత్తడు.

అసలు నీళ్లు తర్వాత వచ్చాయి. కాలనీకి అందరూ చేరాక, పెంటయ్య ఒకసారి ఏదో జిరాక్స్ కోసం వచ్చాడు. పని అయిపోయినా పోకుండా వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, గా పిలగాడు చేసిన ఊరు నీ కాడ ఉన్నదా? ఒక్కపారి మా ఇల్లు సూస్త. మావోళ్లు ఒక్క ఫొటో గూడ తీసుకోలే."

"లేదు. తీసేసిండు."

"అంత తీసేసిండా? మా ఇల్లు గూడ?"

"అంత."

"మళ్ల చెయ్యనీకి రాదా?"

"కురుమూర్తిని అడుగు."

పెంటయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఏ మొకం పెట్టుకొని అడగాలె?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. వెళ్లిపోయాడు.

డేటా పోవడానికి కరెంటు, వైరస్, దుమ్ము, ఎలుకలు కారణమని ఈ పనిలో నాకు మొదట నేర్పారు. మిగతాది ఆ ఊరు నేర్పింది. మసకగా ఉన్నన్నాళ్లు ఆ ఊరు అందరిదీ. కార్డు వేసి గోడలు తేటగా చూపించిన రోజు నుంచి ఎవరి గోడ వాళ్లదైంది. కార్డులో లోపం లేదు, కురుమూర్తిలో అసలే లేదు. ఊరు పోతుందని ఏడ్చినవాళ్లే దాన్ని ఒక కుర్రాడి చేత రెండోసారి ముంచించారు, అదీ సర్కారు కంటే ముందు. ముసలి పెంటయ్య మీద కాస్త జాలి పడరాదా అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నేను పడలేదు. పడను.